ప్రశ్న ముత్తుకూరులో, జవాబు మహానగరంలో

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వెళ్లే రోడ్డు మీద షిఫ్టు మారే వేళకు కంపెనీ బస్సులు, బొగ్గు లారీలు, మెడలో ఐడీ కార్డులు వేసుకున్న బైకు కుర్రాళ్లు బారులు తీరతారు. ఒక తరం కిందట ఈ పక్క నెలజీతం అంటే బడి, బ్యాంకు, ఆర్టీసీ. మిగతా బతుకంతా వరి, రొయ్యల చెరువులు, సముద్రంలో వేట. 2008లో పోర్టు మొదలైంది. ఆ తర్వాత నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, పైనాపురం, తమ్మినపట్నం వైపు ప్రైవేటు థర్మల్ ప్లాంట్లు వచ్చాయి. పంటపాలెం చుట్టుపక్కల వంటనూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలు లేచాయి. ఎన్నో కుటుంబాలకు ఒకటో తారీఖు జీతం అలవాటైంది. దాంతోపాటే పెద్ద కంపెనీలకు ఉండే ఒక జబ్బు కూడా ఊళ్లలోకి వచ్చింది. పని జరిగేది ఒకచోట, ఆ పని గురించి నిర్ణయాలు జరిగేది ఇంకోచోట.

ఉద్యోగుల్లో అసంతృప్తి అనగానే మాట జీతం మీదికి పోతుంది. జీతం ముఖ్యమే, అందులో అనుమానం లేదు. అయితే నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెద్ద సంస్థల్లో గత అయిదారేళ్లుగా వచ్చిన గొడవలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటగా కనిపిస్తుంది. జీతం చాలనప్పటికంటే, అడిగిన మాటకు జవాబు దొరకనప్పుడే మనుషుల మనసు ఎక్కువ విరిగింది. ఎదురుగా ఉన్న మేనేజరుకు అధికారం లేదు. అధికారం ఉన్నాయన విజయవాడలోనో, హైదరాబాదులోనో, అహ్మదాబాదులోనో ఉంటాడు. మధ్యలో "పైకి రాశాం, చూద్దాం" అనే మాట ఒక్కటే తిరుగుతుంటుంది. నాయకత్వ లోపం అంటే నోరు పారేసుకునే బాసు అని చాలామంది అనుకుంటారు. అలాంటివాళ్లూ ఉన్నారు. కానీ మంచి మేనేజరును కూడా చేతకానివాడిగా నిలబెట్టే ఏర్పాటు అంతకంటే పెద్ద లోపం. దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం.

నేలటూరు సంగతే తీసుకుందాం. ఏపీ జెన్‌కో అనుబంధ సంస్థ ఏపీపీడీసీఎల్ కట్టిన ఈ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2015 నుంచి నడుస్తున్నాయి. అంతే సామర్థ్యం ఉన్న మూడో యూనిట్‌ను 2022 అక్టోబరు 27న అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఆ మూడో యూనిట్ పనులు పూర్తి కాకముందే, ప్లాంటు నిర్వహణను 25 ఏళ్ల లీజు మీద ప్రైవేటు సంస్థకు అప్పగించాలన్న ప్రతిపాదన బయటికి వచ్చింది. నష్టాలను చూపి ప్రభుత్వం దాన్ని సమర్థించుకుంది. ప్రజల సొమ్ముతో కట్టిన కొత్త ప్లాంటును ఎందుకు వదులుకోవాలని ఉద్యోగ సంఘాలు రోడ్డెక్కాయి. లీజు మంచిదా చెడ్డదా అన్న వాదన అలా ఉంచితే, ఆ నెలల్లో లోపల పనిచేసేవాళ్ల పరిస్థితి ఏమిటన్నది అసలు చూడాల్సిన విషయం.

ఒక అసిస్టెంట్ ఇంజినీరుకు వచ్చే ప్రశ్నలు మామూలువే. లీజు ఖాయమైతే నన్ను విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి పంపుతారా, కడప జిల్లాలో ఆర్టీపీపీ థర్మల్ కేంద్రానికి పంపుతారా? పిల్లల్ని నెల్లూరులో బడిలో చేర్చాలా వద్దా? కాంట్రాక్టు మీద ఉన్న హెల్పరుకు వచ్చే ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. కొత్తవాళ్లు వస్తే నా గేట్ పాస్ ఉంటుందా, ఊడుతుందా? వీటిలో ఒక్కదానికైనా ప్లాంటులో ఉన్న చీఫ్ ఇంజినీరు జవాబు చెప్పగలిగే వీలు లేదు. అది మంత్రివర్గం స్థాయిలో తేలాల్సిన వ్యవహారం. అయినా రోజూ పొద్దున ఆ ప్రశ్నలన్నీ ఆయన గది ముందే నిలబడతాయి. ఆయన ఏదైనా చెబితే రేపు మాట తప్పినవాడవుతాడు. ఏమీ చెప్పకపోతే దాస్తున్నాడన్న పేరు వస్తుంది.

ఇది మనసుకు సంబంధించిన విషయం, ఉత్పత్తికి సంబంధం లేదు అనుకుంటే పొరపాటు. 800 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడు మీద ఒక్కరోజు నడిస్తే కోటీ 92 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. బాయిలర్ ట్యూబు ఒకటి లీకైతే ఆ యూనిట్‌ను ఆపాలి, చల్లార్చాలి, వెల్డింగ్ చేయాలి, ఆయిల్ కాల్చి మళ్లీ వేడెక్కించాలి. ఇదంతా గంటల్లో తేలే పని కాదు, రోజులు పడుతుంది. ఇలాంటి లీకులు చాలావరకు చెప్పాపెట్టకుండా రావు. బొగ్గు మిల్లు బేరింగు శబ్దం మారుతుంది, నీటి వాడకం కొంచెం పెరుగుతుంది, కన్వేయరు బెల్టు ఒక పక్కకు లాగుతుంది. పదేళ్లు అక్కడే తిరిగిన ఆపరేటరు చెవికి, కంటికి ఇవన్నీ మీటరు కంటే ముందే తెలుస్తాయి. తెలిసిన సంగతి కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం. ఏ జీవోతోనూ ఆ ఫోన్ చేయించలేరు. "చెబితే ఎవడు వింటాడు, చెప్పినందుకు నన్నే రాతపూర్వకంగా అడుగుతారు" అన్న ఆలోచన ఒకసారి వచ్చిందంటే ఆ ఫోన్ ఆగిపోతుంది.

అందుకే ఉద్యోగుల మనోబలాన్ని ధర్నాలతో, సమ్మెలతో కొలవడం సరైంది కాదు. ధర్నా చేసేవాడికి ఇంకా ఆశ ఉంది, అడిగితే జరుగుతుందన్న నమ్మకం ఉంది. భయపడాల్సింది గొడవలు తగ్గి, మీటింగుల్లో ఎవరూ నోరు మెదపని రోజు గురించి. "ఏమైనా సమస్యలున్నాయా?" అని పెద్దాయన అడిగితే అందరూ తల అడ్డంగా ఊపే మీటింగు మినిట్స్‌లో చాలా బాగుంటుంది. త్రుటిలో తప్పిన ప్రమాదాల రిజిస్టరు నెలల తరబడి ఖాళీగా ఉంటే ఆ ప్లాంటు సురక్షితంగా ఉందని హెడ్ ఆఫీసు అనుకుంటుంది. అలాంటి ఘటనలు జరగడం ఆగిందో, వాటిని రాయడం ఆగిందో ఆ రిజిస్టరు చెప్పదు.

పోర్టులో ఇదే కథ వేరే రూపంలో నడిచింది. కృష్ణపట్నం పోర్టులో 75 శాతం వాటా 2020లో, మిగిలిన 25 శాతం 2021లో అదానీ పోర్ట్స్ చేతికి వెళ్లాయి. యాజమాన్యం మారడం వ్యాపారంలో మామూలే. 2024 ఆరంభానికి కంటైనర్ టెర్మినల్ భవిష్యత్తు మీద జిల్లాలో పెద్ద ఆందోళన లేచింది. కంటైనర్లు తమిళనాడు పోర్టులకు తరలిపోతున్నాయని, ఇక్కడ బొగ్గు లాంటి సరుకే మిగులుతుందని రాజకీయ పార్టీలు, కార్మిక సంఘాలు గొంతెత్తాయి. కంటైనరు మీద ఆధారపడేది క్రేన్ ఆపరేటరు ఒక్కడే కాదు. ట్రైలర్ లారీ ఈఎంఐ కడుతున్న యజమాని, క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తా, రొయ్యల ఎగుమతిదారు, గేటు బయట హోటల్ నడిపేవాళ్లు, అందరి లెక్కలూ దానితో ముడిపడి ఉన్నాయి. వీళ్లలో చాలామందికి విషయం వాట్సాప్ ద్వారా, పేపర్ల ద్వారా, పార్టీల మైకుల ద్వారా చేరింది. తన ఉద్యోగం గురించి తన కంపెనీ చెప్పకముందే పక్కవీధి నాయకుడు చెప్పాడంటే, ఆ తర్వాత కంపెనీ ఏం చెప్పినా రెండో మాటే అవుతుంది.

ఇక్కడ కాంట్రాక్టు పొరల గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. పెద్ద ప్లాంటు గేటు లోపలికి వెళ్లే జనంలో కంపెనీ సొంత ఉద్యోగులు కొందరే. బూడిద ఎత్తేవాళ్లు, కన్వేయరు కింద బొగ్గు ఊడ్చేవాళ్లు, స్కాఫోల్డింగ్ కట్టేవాళ్లు, సెక్యూరిటీ, క్యాంటీన్, గార్డెనింగ్ అంతా కాంట్రాక్టే. కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టరు, వాడి కింద మేస్త్రీ. పీఎఫ్ కట్టారా లేదా, ఓటీ డబ్బు ఎవరిస్తారు, బోనస్ ఎప్పుడు అన్న ప్రశ్న ఒక్కో మెట్టు ఎక్కి, ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచి ఇప్పటి లేబర్ కోడ్‌ల దాకా, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించి తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. ఈ మాట కూలీకి తెలియదు. తెలిసిన హెచ్ఆర్ ఆఫీసరు తనంతట తాను చెప్పడు. భూములిచ్చిన కుటుంబాల కుర్రాళ్ల బాధ ఇంకో రకం. తాతల నాటి మాగాణి ఉన్న చోట తామే కాంట్రాక్టు లేబరుగా, వేరే రంగు కార్డు వేసుకుని తిరగాలి. అదే పనికి పక్కనున్న పర్మినెంటు ఉద్యోగికి వచ్చే జీతం ఎంతో వాళ్లకు తెలుసు. ఈ తేడాను ఏ మోటివేషన్ క్లాసూ పూడ్చలేదు.

జీతం భద్రంగా ఉంటే అన్నీ సర్దుకుంటాయన్న వాదనకు ఆర్టీసీ దగ్గర మంచి పరీక్ష జరిగింది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. యాభై వేలకు పైగా కుటుంబాలకు అది ఏళ్లనాటి కల. నష్టాల సంస్థలో జీతం పడుతుందో లేదో అన్న దిగులు పోయింది. నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు, మార్కాపురం, ఏ డిపోలోనైనా ఆ రోజు స్వీట్లు పంచుకున్నారంటే ఆశ్చర్యం లేదు. నిజంగా పండగ చేసుకోవాల్సిన మార్పే అది.

కానీ విలీనంతో కొత్త చిక్కు ఒకటి మొదలైంది. ఉద్యోగి ప్రజా రవాణా శాఖ మనిషి, బస్సు మాత్రం కార్పొరేషన్‌ది. ఒక సమస్య వస్తే అది సంస్థ పరిధిలోదా, శాఖ పరిధిలోదా, ఆర్థిక శాఖ అనుమతి కావాలా అన్నది తేలడానికే కాలం పడుతుంది. వైద్యం సంగతి చూడండి. ఆర్టీసీకి పూర్వం సొంత డిస్పెన్సరీలు, పెద్దాసుపత్రులకు రిఫర్ చేసే సొంత పద్ధతి ఉండేవి. విలీనం తర్వాత ఉద్యోగులు ప్రభుత్వ ఆరోగ్య పథకం ఈహెచ్ఎస్ కిందికి వచ్చారు. పాత వైద్య విధానమే మేలు, దాన్ని తిరిగి ఇవ్వండన్నది అప్పటినుంచి సంఘాల ప్రధాన డిమాండ్లలో ఒకటి. గుండె ఆపరేషను కోసం తిరుగుతున్న డ్రైవరు మొదట వెళ్లేది తన డిపో మేనేజరు దగ్గరికే. డిపో మేనేజరు చేయగలిగింది సంతకం పెట్టి పైకి పంపడం వరకే.

అదే డిపో మేనేజరు చేతిలో ఉన్న అధికారం ఏమిటంటే, శిక్షించడం. టికెట్ కొట్టకపోతే చార్జిషీటు, డీజిల్ ఎక్కువ కాలితే కౌన్సెలింగు, ఆలస్యమైతే మెమో. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, కిలోమీటరుకు ఎంత ఆదాయం అనే రెండు అంకెల చుట్టూ డిపో జీవితం తిరుగుతుంది. డ్రైవర్ల డీజిల్ లెక్కలు నోటీసు బోర్డుకు ఎక్కుతాయి. గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ ఎక్కి నంద్యాల వెళ్లే బస్సుకు, ఒంగోలు నుంచి హైవే మీద సాఫీగా నెల్లూరు వెళ్లే బస్సుకు లెక్క ఒకటే అయితే ఘాట్ డ్రైవరుకు కడుపు మండదా? మంచి మేనేజరు ఆ తేడా చూసి మాట్లాడతాడు. తొందరలో ఉన్న మేనేజరు అంకె చూపించి సంతకం పెట్టమంటాడు. మేలు చేసే అధికారం పైన పెట్టి, దండించే అధికారం ఒక్కటే కింద మిగిల్చితే ఎంత నెమ్మదస్తుడైనా ఉద్యోగుల కళ్లకు విలన్‌లాగే కనిపిస్తాడు. ఈ ప్రాంతపు పెద్ద సంస్థల్లో నాయకత్వ సమస్యకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఈ ఒత్తిడి ఇంకా పెరిగింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం. పథకం వల్ల కూలికి, కాలేజీకి, ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లకు కలిగిన మేలు చిన్నది కాదు. బస్సు లోపల కండక్టరు పరిస్థితి వేరు. ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు చూడాలి, సున్నా టికెట్ కొట్టాలి, కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వెళ్లాలి. సీటు దగ్గర గొడవొస్తే తీర్చాలి, బస్సు ఆపలేదని తిట్టేవాళ్లకు జవాబు చెప్పాలి. ఉదయం ఏడున్నరకు కనిగిరి, పొదిలి వైపు ఇంకో బస్సు వేస్తే సగం గొడవ తగ్గుతుందని ఆ రూట్ కండక్టరుకు బాగా తెలుసు. వేయించే దారి అతనికి లేదు. డిపోలో బస్సు లేకపోతే, డ్రైవరు లేకపోతే, డిపో మేనేజరుకూ లేదు. తాను చేయని నిర్ణయానికి తానే జనం ముందు నిలబడి జవాబు చెప్పాల్సి రావడం కంటే మనిషిని అలసట పెట్టేది ఇంకొకటి ఉండదు.

మనుషులే సోమరులు, మన వాళ్లకు క్రమశిక్షణ లేదు అనే మాట ఏసీ గదుల్లో తరచూ వినిపిస్తుంది. దానికి అమెరికాలో ఒక గట్టి జవాబు దొరికింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ప్లాంటు ఉండేది. రోజూ దాదాపు అయిదో వంతు మంది పనికి రాకపోవడం, తాగి రావడం, కావాలని కార్లు పాడుచేయడం అక్కడ మామూలు. 1982లో దాన్ని మూసేశారు. రెండేళ్లకు టయోటాతో కలిసి న్యూమీ పేరుతో అదే ప్లాంటును తెరిచి, చాలావరకు ఆ పాత కార్మికులనే, ఆ పాత యూనియన్‌తోనే తీసుకున్నారు. కొంతమందిని జపాన్ పంపి పని చూపించారు. లైను మీద తప్పు కనబడితే ఏ కార్మికుడైనా తాడు లాగి లైన్ ఆపవచ్చన్నారు. తాడు లాగితే సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి సాయం చేయాలి, కేకలు వేయకూడదు. కొద్దికాలంలోనే గైర్హాజరు రెండు మూడు శాతానికి పడిపోయింది, కార్ల నాణ్యత జపాన్ ప్లాంట్లకు దగ్గరగా వచ్చింది.

మనుషులు మారలేదు, ఊరు మారలేదు, యూనియన్ మారలేదు. మారినవాటిలో ముఖ్యమైంది ఇది: తప్పు కనబడినప్పుడు పని ఆపే అధికారం కింది మనిషి చేతికి వచ్చింది. ఆ తాడు ఖరీదు ఎంతో ఉండదు. ఆగిన ప్రతి నిమిషానికి జరిగే నష్టాన్ని యాజమాన్యం భరిస్తానని ముందే మాట ఇవ్వడం దాని అసలు ఖరీదు. జనరల్ మోటార్స్ తన మిగతా ప్లాంట్లలో ఈ పద్ధతి తేవడానికి ఏళ్ల తరబడి తడబడింది. తాడు కట్టారు, లాగినవాడిని మాత్రం తిట్టారు. మన దగ్గరా సజెషన్ బాక్సులు, టోల్‌ఫ్రీ నంబర్లు, యాప్‌లు పెట్టి అంతటితో అయిపోయిందనుకునే సంస్థలు ఆ తడబాటునే మళ్లీ పడుతున్నాయి.

మధ్య మేనేజర్ల గురించి మరో మాట. వాళ్లలో చాలామంది మంచి ఇంజినీర్లు. టర్బైన్ గురించి అడిగితే గంట చెబుతారు. మనుషులతో ఎలా మాట్లాడాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. రెండు మూడేళ్లకు బదిలీ అయ్యే పోస్టింగు కాబట్టి ఊరితో, మనుషులతో ముడి పడకముందే పెట్టె సర్దుకుంటారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన అధికారి అయితే భాష ఇంకో గోడ. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు చెప్పే భద్రతా సూచనలు హిందీలోనో ఇంగ్లిషులోనో సాగిపోతాయి. వింటున్నవాళ్లలో సగం మంది ముత్తుకూరు, వెంకటాచలం ఊళ్లవాళ్లు, మిగతా సగం ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు. అర్థం కాకపోయినా చివర్లో అందరూ సంతకం పెడతారు. ప్రమాదం జరిగితే ఆ సంతకమే "చెప్పాం కదా" అనడానికి సాక్ష్యంగా బయటికొస్తుంది. నాలుగు తెలుగు మాటలు నేర్చుకుని, పేరు పెట్టి పిలిచే అధికారి దగ్గర ఇదే జనం ఎంత తేడాగా ఉంటారో ఏ షిఫ్టు ఇన్‌చార్జిని అడిగినా చెబుతాడు.

రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీలకు వస్తే ఈ దూరం ఇంకా కఠినంగా ఉంటుంది. చల్లటి హాల్లో, తడి నేల మీద గంటల తరబడి నిలబడి తలలు తీసేది, పెంకు వలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లకు కంపెనీ అంటే మేస్త్రీ, లేదా వ్యాను డ్రైవరు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు దెబ్బ ముందు తగిలే రంగాల్లో రొయ్యలు ఒకటి. ఆర్డర్లు, ధరలు, మార్కెట్ల గురించి ఎగుమతిదారులకు, చెరువుల రైతులకు సమాచారం ఏదో ఒక దారిలో చేరింది. పెంకు వలిచే అక్కకు చేరేది "రేపు పని లేదు" అన్న ఫోన్ మాత్రమే. వారమా, నెలా, అసలు మళ్లీ పిలుస్తారా అని అడిగితే మేస్త్రీకీ తెలియదు. అదే ఏడాది రాష్ట్రం ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచింది, రవాణా, భద్రత లాంటి షరతులతో ఆడవాళ్లను రాత్రి షిఫ్టుకు అనుమతించింది. రాత్రి షిఫ్టుకు వాళ్ల సమ్మతి ఉండాలి. సమ్మతి తెలపకపోతే మర్నాడు వ్యాను ఆగదేమో అన్న భయం ఉన్నచోట ఆ సంతకాన్ని సమ్మతి అనలేం.

ఫిర్యాదుల కోసం చట్టం ఒక తలుపు పెట్టింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. పది మందికి మించకూడదు, యాజమాన్యం వాళ్లు ఎంతమందో కార్మికులు అంతమంది. కార్మికుల్లో ఆడవాళ్ల వాటా ఎంతో కమిటీలోనూ దానికి తగ్గ వాటా ఉండాలి. అధ్యక్ష పదవి ఒక ఏడాది వీళ్లకు, ఒక ఏడాది వాళ్లకు. 30 రోజుల్లో తేల్చాలి. కాగితం మీద చాలా మంచి ఏర్పాటు. కార్మికుల తరఫు సభ్యులను ఎవరు ఎంచుకుంటారన్న దగ్గర దీని బలమంతా ఉంటుంది. హెచ్ఆర్ చెప్పిన పేర్లతో నింపితే అది మరో రిజిస్టరు అవుతుంది.

ఈ కోడ్‌లో పెద్దగా ఎవరి కంటా పడని సంగతి ఇంకోటుంది. సూపర్‌వైజరు హోదాలో నెలకు 18,000 రూపాయలు దాటి జీతం తీసుకునేవాడు కార్మికుడి నిర్వచనంలోకి రాడు. అంటే షిఫ్టు సూపర్‌వైజరుకు ఆ కమిటీ తలుపు మూసే ఉంటుంది. మేనేజ్‌మెంట్ మీటింగులో కుర్చీ కూడా ఉండదు. కింద పదిమంది కోపం, పైన ఒకరి టార్గెట్, రెండూ మోసేవాడు ఇతనే. బీపీ, షుగరు, నిద్రలేమి, ఇంట్లో చిరాకు, అన్నిటికీ కలిపి టెన్షన్ అని ఒక్క మాటలో చెప్పుకుంటాడు. సంస్థలు ముందు కాపాడుకోవాల్సింది ఈ మనిషిని. కింది ఉద్యోగికి కంపెనీ అంటే ఇతని ముఖమే.

మరి ఏం చేయాలి? ఖరీదైన కన్సల్టెంట్లు అక్కర్లేదు. మొదట, ఏ విషయం ఎవరు తేల్చగలరో తెలుగులో రాసి గేటు దగ్గర పెట్టాలి. సెలవు, డ్యూటీ మార్పు, క్యాంటీన్, బూట్లు, హెల్మెట్, చిన్న మరమ్మతులు, అత్యవసర వైద్యానికి అడ్వాన్సు, ఇవి స్థానిక మేనేజరే తేల్చేలా డబ్బుతో సహా అధికారం ఇవ్వాలి. కాదనాల్సి వస్తే కాదని, ఎందుకు కాదో కారణంతో రాసివ్వాలి. జనం "కాదు" అన్న మాటను తట్టుకుంటారు, ఏళ్ల తరబడి "చూద్దాం" అన్న మాటనే తట్టుకోలేరు. లీజు, అమ్మకం, యూనిట్ మూత లాంటి పెద్ద నిర్ణయం ఉంటే పేపర్‌కు ఇచ్చే ముందే షిఫ్టుల వారీగా చెప్పాలి. తేలని విషయాన్ని ఇంకా తేలలేదని, ఫలానా తేదీకి మళ్లీ చెబుతామని చెప్పినా చాలు. కాంట్రాక్టు కార్మికుల జీతం చీటీలను ప్రధాన యజమాని ఆఫీసు నెలకోసారి ర్యాండమ్‌గా తీసి చూడాలి. నిర్ణయాలు తీసుకునే పెద్దలు ఏడాదికి కొన్ని రాత్రి షిఫ్టులైనా బూడిద పైపు దగ్గర, బస్సు గ్యారేజీలో, పీలింగ్ హాల్లో గడపాలి. ఫొటోల కోసమైతే వద్దు.

కొంత ఖర్చవుతుంది, కొంత అధికారం వదులుకోవాల్సి వస్తుంది. హెడ్ ఆఫీసులు రెండో దానికే ఎక్కువ జంకుతాయి.

ఈ మాటలు ఇప్పుడే చెప్పుకోవడానికి కారణం ఉంది. కందుకూరు తీరంలో రామాయపట్నం పోర్టు లేస్తోంది. అక్కడే రిఫైనరీ కోసం బీపీసీఎల్ బోర్డు 2024 డిసెంబరులో ముందస్తు పనులకు 6,100 కోట్ల రూపాయలు ఆమోదించింది. పక్కనే ఉలవపాడు మండలం కరేడులో సోలార్ కంపెనీకి భూములివ్వడానికి 2025లో రైతులు ఒప్పుకోక హైవే మీదికొచ్చారు. కంపెనీ గేటు కూడా లేవకముందే ఆ ఊరికి, కంపెనీకి మధ్య అనుమానం మొదలైంది. రేపు అక్కడ ఉద్యోగంలో చేరే కుర్రాడు ఆ అనుమానాన్ని ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. భూమిచ్చిన ఇంటికి ఇస్తామన్న ఉద్యోగం పర్మినెంటా కాంట్రాక్టా, ఏ పని, ఏ జీతం, మాట తప్పితే జిల్లాలోనే ఎవరిని నిలదీయాలి అన్నవి భూసేకరణ ఒప్పందంలోనే తెలుగులో రాయించుకోవడానికి ఇప్పుడు సమయం ఉంది. గ్రామసభల్లో పరిహారం రేటు ఎంతన్న ప్రశ్నతోపాటు ఈ ప్రశ్నలూ లేవాలి, కలెక్టరు సమక్షంలో వాటికి కంపెనీ చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించాలి.